పాత ట్రాక్టరు ఇంజను బాగుచేయించుటా? కొత్త బండికి సొమ్ము కూడబెట్టుటా?

ఎద్దు వయస్సు తెలిసికొనుట మన రైతులకు నేర్పవలసిన విద్య కాదు. సంతలో నోరు తెరచి పండ్లు చూచి, మెడ తడిమి, నాలుగడుగులు నడిపించి, ఇంకెన్ని కార్తెలు మడకకు పనికివచ్చునో చెప్పగలరు. అయితే అదే రైతు తన దొడ్డిలోని ట్రాక్టరు పొగ చిమ్ముచు బరువు లాగలేకపోయినప్పుడు మాత్రము దిక్కు తోచక నిలుచును. మెకానిక్కు "ఇంజను విప్పుదము" అనును. షోరూము మనిషి "దీనిపై దండుగ ఎందుకు, కొత్తది తీసికొనండి" అనును. ఇద్దరి మాటలోను కొంత నిజము, కొంత బేరము ఉండును. తీర్పు చెప్పవలసినవాడు రైతే. ఆ తీర్పునకు కావలసిన లెక్కను ఇక్కడ వివరించుచున్నాము.

గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. తుంగభద్ర దిగువ కాలువ క్రిందను, గాజులదిన్నె ప్రాజెక్టు క్రిందను, బోర్ల క్రిందను ఉన్న భూమి పోగా తక్కినదంతయు వర్షాధారమే. వాన పడిన తరువాత భూమిలో పదును నిలుచునది కొద్ది దినములే. ఆ దినములలోనే గుంటక తోలవలెను, వేరుశనగ, పత్తి, ఆముదము విత్తవలెను. ఆ వారము ఇంజను మొరాయించినచో పోవునది మరమ్మతు ఖర్చు మాత్రమే కాదు. ఆ ఏటి పంట. మరొకవైపు, తొందరపడి అప్పుచేసి కొత్త బండి కొన్న తరువాత వరుసగా రెండేండ్లు వానలు ముఖము చాటు చేసినచో కిస్తీ కట్టుట ఎట్లు? అప్పు తీరక ఇల్లు తాళము వేసి గుంటూరు వైపు సుగ్గికి పోవు కుటుంబములను మన పల్లెలలో చూచుచునే యున్నాము. కావున ఎటు పోయినను నష్టమునకు తావున్నది. లెక్క ఒక్కటే దారి చూపగలదు.

మొదట జబ్బు తెలిసికొనవలెను

బలము తగ్గినదనగానే ఇంజను అరిగినదని అనుకొనరాదు. చాల తడవలు జబ్బు చిన్నదే అయి యుండును. పొగ రంగు చూచినచో సగము సంగతి తెలియును.

నల్లని పొగ: డీజిలు పూర్తిగా కాలుట లేదని అర్థము. గాలి చాలకపోవుట, నాజిలు చెడుట, బండిపై మోయలేనంత బరువు పెట్టుట, ఇవి కారణములు. ముందుగా ఎయిర్ క్లీనరు శుభ్రపరచి చూడవలెను. తరువాత నాజిళ్లు పరీక్ష చేయించవలెను. ఇవి కొద్ది ఖర్చుతో పోవు పనులు.

తెల్లని పొగ: చలి ప్రొద్దున ఇంజను వేడెక్కువరకు వచ్చినచో భయము లేదు. వేడెక్కిన తరువాత కూడ వచ్చుచు, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో హెడ్డు గాస్కెట్టు చెడి నీరు సిలిండరులోనికి దిగుచున్నదేమో చూడవలెను. డిప్‌స్టిక్కుపై ఆయిలు మజ్జిగ రంగున కనబడినచో బండిని అక్కడనే ఆపివేయవలెను.

నీలి పొగ: ఇంజను ఆయిలు కాలుచున్నదని గుర్తు. రింగులు, లైనర్లు, లేదా వాల్వు గైడులు అరిగినవి. దీనితోపాటు బ్రీదరు గొట్టము నుండి గాలి బుసబుస కొట్టుచు, మాటిమాటికి ఆయిలు పోయవలసి వచ్చుచు, ప్రొద్దున స్టార్టు చేయుటకు చాల సేపు పట్టుచున్నచో ఇంజను నిజముగా అరిగినదని నమ్మవచ్చును. వేడెక్కిన ఇంజనులో ఆయిలు ప్రెషరు పడిపోవుచు, అడుగు నుండి దబదబమని శబ్దము వచ్చినచో బేరింగులు, క్రాంకు కూడ చూపించవలెను.

ఇంజను విప్పక ముందే కంప్రెషను పరీక్ష చేయించుట మంచిది. విప్పిన తరువాత లైనరు ఎంత అరిగినదో, క్రాంకు ఎంత అరిగినదో గేజితో కొలిపించి, ఆ కొలతలు కాగితముపై వ్రాయించుకొనవలెను. చేతితో తడిమి "అరిగిపోయినదన్నా" అను మాటను ఆధారము చేసికొని వేల రూపాయలు ఖర్చుచేయరాదు.

ఇంజను పనిలో మూడు మెట్లు

మొదటి మెట్టు హెడ్డు పని. హెడ్డు దించి వాల్వులు, సీట్లు రుద్ది, గైడులు, గాస్కెట్టు మార్చుదురు. క్రింది భాగము బాగున్నప్పుడు ఇది చాలును.

రెండవ మెట్టును షెడ్లలో హాఫ్ ఇంజను పని అందురు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, కనెక్టింగు రాడ్డు బేరింగులు మార్చుదురు.

మూడవది ఫుల్ ఇంజను పని. క్రాంకును కూడ తీసి, గ్రైండింగు చేయించి, దానికి తగిన అండర్‌సైజు బేరింగులు వేయుదురు. ఆయిలు పంపు, డీజిలు పంపు, నాజిళ్లు కూడ సరిచేయుదురు. క్రాంకును తడవకు పావు మిల్లీమీటరు చొప్పున గ్రైండింగు చేయుట వాడుక. అది కొన్ని తడవలు మాత్రమే సాధ్యము. ఇదివరకే రెండు మూడు తడవలు గ్రైండింగు అయిన క్రాంకు అయినచో కొత్త క్రాంకు ఖర్చు కూడ లెక్కలో వేసికొనవలెను.

ఇంజను ఒక్కటే బండి కాదు

ఇక్కడనే పలువురు పొరబడుచున్నారు. లక్ష రూపాయలు పోసి ఇంజను కొత్తగా చేయింతురు. మరుసటి ఏడు క్లచ్చి పోవును, ఆపైన గేర్లు, ఆపైన హైడ్రాలిక్కు లిఫ్టు, వెనుక టైర్లు. ఈ రీతిగా విడతలు విడతలుగా పెట్టిన సొమ్మును కూడినచో కొత్త బండిలో సగము ధర అగును.

కాబట్టి ఇంజను ధర అడుగుటకు ముందు బండినంతటిని పరీక్షింపవలెను. క్లచ్చి జారుచున్నదా? గేర్లు తమంతట తామే జారుచున్నవా? గొర్రును పైకెత్తి ఇంజను ఆపినచో లిఫ్టు వెంటనే దిగిపోవుచున్నదా? ముందు యాక్సిలు బుష్షులు ఊగుచున్నవా? బ్రేకులు, టైర్లు ఇంకెన్నాళ్లు వచ్చును? రాబోవు రెండేండ్లలో చేయక తప్పని పనులన్నిటిని వ్రాసి, ఇంజను ఖర్చుతో కలిపి కూడవలెను. ఆ మొత్తమే నిజమైన మరమ్మతు ఖర్చు.

విడిభాగముల సంగతి కూడ ఆలోచింపవలెను. హెచ్.ఎం.టి. ట్రాక్టర్లు 1971 నుండి పింజోరులో తయారై దేశమంతట మంచి పేరు పొందినవి. ఆ కర్మాగారమును మూసివేయుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. బండి ఎంత గట్టిదైనను, తయారీ నిలిచిన తరువాత అసలు భాగములకై వెదకులాట తప్పదు. మీ బండికి లైనర్లు, గేర్లు కర్నూలులోనో ఆదోనిలోనో ఆ దినమే దొరకునా, లేక వారము దినములు కాచుకొనవలెనా అని ముందే విచారింపవలెను. విత్తనపు వేళలో వారము అనగా పంట కాలమే.

పెద్ద ఇంజను ఎక్కించవచ్చునా?

రోటవేటరు లాగుటకు బలము చాలుట లేదని, పాత బండికి పెద్ద హార్స్‌పవరు ఇంజను ఎక్కించుదమని కొందరు యోచించుచున్నారు. ఇది మంచి ఆలోచన కాదు. క్లచ్చి, గేర్లు, వెనుక షాఫ్టులు, బ్రేకులు, రేడియేటరు, ఇవన్నియు మొదటి ఇంజను బలమునకు సరిపడునట్లు చేసినవి. కోడెదూడ మెడపై పెద్ద కాడి పెట్టినట్లు, అదనపు బలమునకు ఏదో ఒకచోట విరుగుట తప్పదు.

చట్టము కూడ అడ్డు వచ్చును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లుగా బండిని స్వంత ఇష్టముపై మార్చరాదు. అదే రకపు ఇంజనును మార్చినను, ఇంజను నంబరు మారును కనుక రవాణా శాఖ కార్యాలయములో అనుమతి పొంది ఆర్.సి. పత్రములో వ్రాయించుకొనవలెను. లేనిచో ప్రమాదము జరిగిననాడు భీమా సొమ్మునకు చిక్కు వచ్చును. అమ్మబోయిననాడు కొనువాడు వెనుదీయును. వ్యవసాయపు ట్రాక్టరు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. తరువాత తనిఖీ చేయించి 5 ఏండ్లకొక తడవ పొడిగించుకొనవలెను. ఇంజనుపై సొమ్ము పెట్టుటకు ముందు ఆ గడువు కూడ చూచుకొనవలెను.

గంటల లెక్క

ట్రాక్టరు వయస్సును ఏండ్లతో కాక గంటలతో కొలువవలెను. వ్యవసాయ ఇంజనీరింగు లెక్కలలో ట్రాక్టరు ఆయువును 10,000 గంటలుగా పట్టుట వాడుక. ఏటికి 1,000 గంటలు తిరిగినచో అది పదేండ్లు. మన మెట్ట ప్రాంతములో 500, 600 గంటలే తిరుగు బండికి పదిహేనేండ్లు దాటినను పని మిగిలియుండవచ్చును. మీటరు పనిచేయనిచో ఏటికి పోసిన డీజిలును, గంటకు అగు డీజిలుతో భాగించినచో గంటలు తేలును.

ఇప్పుడొక మాదిరి లెక్క చూతము. ఇందలి అంకెలు విధానము తెలుపుటకు వేసినవే. మీరు మీ అంకెలు వేసికొనవలెను.

గూడూరు దగ్గర ఒక రైతున్నాడనుకొందము. ఆయన బండి ఉన్నదున్నట్లు అమ్మినచో 1,80,000 రూపాయలు వచ్చును. ఫుల్ ఇంజను పనికి 1,10,000, క్లచ్చికి, ముందు టైర్లకు 40,000, వెరసి 1,50,000 రూపాయలు కావలెను. పని చేయించిన ఇంజను 3,000 గంటలు వచ్చుననియు, అయిదేండ్ల తరువాత బండి 1,30,000 పలుకుననియు అనుకొందము. కొత్త బండి ధర 7,50,000. పాత బండి ధర పోగా చేతి సొమ్ము 1,70,000 కట్టి, తక్కిన 4,00,000 రూపాయలు 12 శాతము వడ్డీకి అయిదేండ్ల గడువుతో అప్పు తెచ్చినచో ఏటి కిస్తీ సుమారు 1,11,000, అయిదేండ్లకు 5,55,000. అప్పటికి కొత్త బండి 4,00,000 పలుకుననుకొందము.

ఏటికి 600 గంటల పని ఉన్నప్పుడు:

పాత బండి: 1,80,000 + 1,50,000 − 1,30,000 = 2,00,000 రూపాయలు. 3,000 గంటలకు పంచినచో గంటకు 67 రూపాయలు. పాత ఇంజను గంటకు అర లీటరు డీజిలు ఎక్కువ త్రాగుననుకొని లీటరు 96 రూపాయల వంతున 48 రూపాయలు, అదనపు మరమ్మతులకు 25 రూపాయలు కలిపినచో గంటకు 140 రూపాయలు.

కొత్త బండి: 1,80,000 + 1,70,000 + 5,55,000 − 4,00,000 = 5,05,000 రూపాయలు. గంటకు 168 రూపాయలు.

అనగా ఈ రైతునకు పాత బండియే గంటకు 28 రూపాయలు చవుక.

ఇదే రైతు బాడుగ పనులు కూడ పట్టి ఏటికి 1,000 గంటలు తోలినచో లెక్క తిరగబడును. అయిదేండ్లలో పాత ఇంజనుకు మరల ఒక తడవ 1,10,000 పెట్టవలసి వచ్చును. అప్పుడు పాత బండి ఖర్చు 5,000 గంటలకు 3,10,000, గంటకు 62. డీజిలు, మరమ్మతులు కలిపి 135 రూపాయలు. కొత్త బండి ఎక్కువ తిరిగినందున చివరకు 3,50,000 మాత్రమే పలికినను గంటకు 111 రూపాయలే పడును. ఇచ్చట కొత్త బండియే లాభము.

ఏటికి 300 గంటలే పని ఉండి, అయిదేండ్ల తరువాత పాత బండి 1,50,000, కొత్తది 4,30,000 పలికినచో, పాత బండికి గంటకు 193, కొత్తదానికి 317 రూపాయలు పడును. ఇంత తక్కువ పని ఉన్న రైతు కొత్త బండి తలంపే పెట్టుకొనరాదు. తన ఊరిలో బాడుగ ధర ఎంతో చూచి, స్వంత బండి అవసరమా అని కూడ ఆలోచింపవలెను. యంత్రములను బాడుగకిచ్చు రైతు సంఘములు దగ్గరలో ఉన్నచో వాటిని విచారింపవలెను.

దీనినుండి తెలియునదేమన, ప్రశ్నకు జవాబు బండి వయస్సులో లేదు. ఏటికి ఎన్ని గంటల పని ఉన్నదను దానిలో ఉన్నది.

కిస్తీకి కరవు తెలియదు

పై లెక్కలో చేరని సంగతి ఒకటున్నది. అది వాన. ఉల్లిగడ్డ కర్నూలు మార్కెట్టుకు పోయినప్పుడో, పత్తి ఆదోని మార్కెట్టుకు పోయినప్పుడో మన చేతికి సొమ్ము వచ్చును; నెలనెల రాదు. నెలసరి కిస్తీకి ఒప్పుకొన్న మెట్ట రైతు నాలుగవ నెలకే చేబదులు వెదకవలసి వచ్చును. కొత్త బండి కొనుటయే మేలని లెక్క తేలినను, కిస్తీలు పంట చేతికి వచ్చు కాలమున ఏటికి ఒకటి రెండు తడవలు కట్టునట్లు బ్యాంకు వారితో వ్రాయించుకొనవలెను. వడ్డీ శాతము ఎంత, అది అసలుపై తగ్గుచు పోవునా లేక మొదటి మొత్తముపైననే నడచునా అని అడిగి తెలిసికొనవలెను. రెండవ రకములో చెప్పిన శాతము కంటె నిజముగా పడు వడ్డీ చాల ఎక్కువ. సంతకము చేయుటకు ముందు చదువు వచ్చిన వారిచేత కాగితము పూర్తిగా చదివించుకొనవలెను. గ్రామ రెవిన్యూ అధికారులు, వ్యవసాయ సహాయకులు ఈ పనిలో రైతునకు ప్రక్కన నిలిచినచో గొప్ప మేలు చేసినవారగుదురు.

ఒక గట్టి పరీక్ష చెప్పెదము. గడచిన అయిదేండ్లలో అన్నిటికంటె చెడ్డ ఏడును జ్ఞాపకము చేసికొనుడు. ఆ ఏడు వచ్చిన ఆదాయముతో ఇంటి ఖర్చు, పంట అప్పు పోగా ఈ కిస్తీ కట్టగలిగి యుండెడివారా? లేదని తోచినచో, ఇంజను బాగుచేయించి సొమ్ము కూడబెట్టుటయే క్షేమము.

కిస్తీని మీకు మీరే కట్టుకొనుడు

బాగుచేయించి ఊరకుండుటయు తప్పే. అయిదేండ్ల తరువాత మరల అదే ప్రశ్న వచ్చును, చేతిలో సొమ్ము ఉండదు. కొత్త బండి కొనియుండినచో ఏటికి 1,11,000 రూపాయలు కట్టవలసియుండెడిది గదా. పాత బండికి ఎక్కువగు డీజిలు, మరమ్మతులు ఏటికి సుమారు 44,000 పోగా, తక్కిన 67,000 రూపాయలను పంట అమ్మిన దినముననే మీ పేర బ్యాంకులో వేసికొనుడు. అయిదేండ్లకు 3,35,000 అగును. చేతి సొమ్ములో మిగిలిన 20,000, పాత బండి ధర 1,30,000 చేరినచో 4,85,000. వడ్డీ వేరుగా వచ్చును. ధర పెరుగకుండ ఉన్నచో కొత్త బండిలో మూడింట రెండు వంతుల సొమ్ము దాదాపు సిద్ధమైనట్లే. ధర పెరిగినను అప్పు తేవలసిన భాగము చిన్నదగును. నడుమ కరవు వచ్చినచో ఆ ఏడు తక్కువ వేసికొనవచ్చును. ఇంటి ముందుకు ఎవరును వచ్చి బండి తోలుకొని పోరు.

పన్నుల మార్పులను కూడ గమనించుచుండవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతము నుండి 5 శాతమునకును, ట్రాక్టరు టైర్లపైనను పలు భాగములపైనను 18 శాతము నుండి 5 శాతమునకును తగ్గినది. కావున పాత ధరల జాబితాను నమ్మక కొత్తగా ధర వ్రాయించుకొని లెక్క వేయవలెను. 50 హార్స్‌పవరు దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కఠినమైన పొగ నిబంధనలు వచ్చినవి. అట్టి ఇంజనులలో ఎలక్ట్రానిక్కు భాగములు ఉండవచ్చును. వాటిని బాగుచేయగలవారు దగ్గరలో ఉన్నారా అని అడిగి మరీ కొనవలెను.

పని చేయించువారికి జాగ్రత్తలు

1. పనిని వేసవిలోనే ముగింపవలెను. మొదటి వాన పడిన తరువాత షెడ్డులో వరుస పెద్దది, బేరము చిన్నది.

2. ఏ భాగములు మార్చెదరో, కూలి ఎంతో ముందుగా వ్రాయించుకొనవలెను. భాగములకు బిల్లు తీసికొనవలెను. తీసివేసిన పాత భాగములను ఇంటికి తెచ్చుకొనవలెను.

3. లైనర్లు, పిస్టన్లు, రింగులు ఒకే జతగా వేయించవలెను. పాత పిస్టనుకు కొత్త రింగులు వేసి పొదుపు చేసితిమనుకొనుట పొరపాటు.

4. పని అయిన తరువాత మొదటి 50 గంటలు బరువు పనులు చేయరాదు. ఆ గడువు కాగానే ఆయిలు, ఫిల్టరు మార్చవలెను.

5. ఎయిర్ క్లీనరు తొట్టిలోని ఆయిలును దుమ్ము కాలములో తరచుగా చూచి మార్చవలెను. మన నల్లరేగడి దుమ్ము ఇంజనులోనికి పోయినచో లైనర్లకు ఆకురాయితో సమానము. అరుగుదలకు మొదటి కారణము ఇదే. ట్రాక్టరు నడుపుట, కాపాడుట నేర్పు కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కలదు. చదువుకొన్న యువకులు అచ్చట శిక్షణ పొందినచో ఊరికంతటికి ఉపయోగము.

చివరి మాట

బండి ఏటికి 600 గంటలకు లోపుగా తిరుగుచు, గేర్లు, లిఫ్టు గట్టిగా నుండి, భాగములు దగ్గరలో దొరకుచున్నచో ఇంజను బాగుచేయించి సొమ్ము కూడబెట్టుడు. 1,000 గంటల పని ఖాయముగా నుండి, చెడ్డ ఏట కూడ కిస్తీ కట్టగల శక్తి యున్నచో కొత్తది కొనుడు. నడుమ నున్నవారు పై లెక్కను తమ అంకెలతో రెండు తడవలు వేసి చూచుకొనుడు. గేర్లు, యాక్సిలు కూడ పోయిన బండిపై మాత్రము ఒక్క రూపాయి కూడ పెట్టక, ఉన్నదున్నట్లు అమ్మివేయుడు.

ఒక చిన్న నోటుపుస్తకము కొని, పోసిన డీజిలు, ఆయిలు, తిరిగిన గంటలు, మరమ్మతు ఖర్చు ఈ దినము నుండియే వ్రాయుట మొదలుపెట్టుడు. వచ్చే వేసవికి మీ బండి సంగతి మెకానిక్కు కంటెను, షోరూము మనిషి కంటెను మీకే బాగుగా తెలియును.